రెండు సోలార్ ఇన్వర్టర్లు ఒకే ఫేజుకు కలిపాము: మా పొరపాటు, మేమే సరిచేస్తాము

త్రీఫేజ్ సర్వీసు ఉన్న మా వినియోగదారులకు,

మూడు సింగిల్ ఫేజ్ సోలార్ ఇన్వర్టర్లు (పలకల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టెలు) ఉన్న ఒక ఇంట్లో మిట్టమధ్యాహ్నం ఒకటి పదే పదే ఆగిపోతోందని కబురు వచ్చింది. ఇన్వర్టరే పాడైందనుకుని మార్చాము. కొత్తదీ ఆగింది. బోర్డు తెరిచి, తీగ చుట్టూ పెట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెట్టాక తెలిసింది: ఇంటికి వచ్చే మూడు ఫేజు తీగలు ఆర్, వై, బిలలో, రెండు ఇన్వర్టర్లు ఆర్ ఫేజుకు, ఒకటి వై ఫేజుకు కలిపి ఉన్నాయి, బి ఫేజు ఖాళీ. ఆ వైరింగు మాదే.

5 కిలోవాట్ల ఇన్వర్టర్ 230 వోల్టుల దగ్గర సుమారు 22 ఆంపియర్లు పంపుతుంది. ఫేజుకు ఒకటి చొప్పున కలిపితే మూడు కరెంట్లూ న్యూట్రల్‌లో (మూడు ఫేజులకూ ఉమ్మడి తిరుగు తీగలో) ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మేము కలిపిన తీరులో, ఇంట్లో వాడకం లేని వేళ, ఆర్ మీద 44, వై మీద 22, న్యూట్రల్‌లో దాదాపు 38 ఆంపియర్లు. ఆ బరువుకు ఆర్ ఫేజు వోల్టేజి పెరిగి హద్దు దాటింది, ఇన్వర్టర్ ఆగింది. అది తన పని సరిగ్గానే చేసింది. తీగలన్నీ ఒకే మందమైతే, మొత్తం ఉత్పత్తిని ఒకే ఫేజులోకి పంపినప్పుడు వోల్టేజి పెరుగుదల, సమానంగా పంచినప్పటికి ఆరు రెట్లు ఉంటుంది. కిలోవాట్లు కూడి చూసి సరిపోయిందనుకున్నాము. ఫేజు వారీగా లెక్కించలేదు.

ఇలాంటి చోట ఇన్వర్టర్ సెట్టింగులో వోల్టేజి హద్దు పెంచేస్తే సరిపోతుందని కొందరు చెబుతారు. మేము ఆ పని చేయము. ఇన్వర్టర్ ఆగడం మానుతుంది గాని, ఆ ఎక్కువ వోల్టేజి మీ ఫ్రిజ్‌కూ ఫ్యానుకూ తగులుతూనే ఉంటుంది.

మేము అమర్చిన త్రీఫేజ్ ఇళ్లన్నింటికీ వచ్చి ఉచితంగా చూస్తాము. ఇన్వర్టర్ నుంచి వచ్చే తీగనే ఫేజు మారుస్తాము. మెయిన్ తీగలను ముట్టుకోము, వాటిని తారుమారు చేస్తే త్రీఫేజ్ మోటారు వెనక్కి తిరుగుతుంది. సోలార్ పలకలు కొన్ని తూర్పుకూ కొన్ని పడమరకూ ఉన్న ఇళ్లలో ఫేజుకు ఒకటి పెట్టినా పొద్దున ఒకవైపు, సాయంత్రం మరోవైపు బరువు మారుతుంది. అక్కడ పగటి వాడకం ఏ ఫేజు మీద ఉందో చూసి నిర్ణయిస్తాము, కాబట్టి కొంత సమయం పడుతుంది.

ఈలోగా ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం ప్రతి ఇన్వర్టర్ తెర మీద కనిపించే వోల్టేజిని రాసిపెట్టండి. బోర్డు మాత్రం తెరవకండి. ఒకటి మిగతావాటికంటే బాగా ఎక్కువ చూపిస్తే వెంటనే చెప్పండి, ముందు మీ ఇంటికే వస్తాము.