హైదరాబాద్ లాంజ్ విషయమై యాత్ర సభ్యులకు మనవి

సభ్యులందరికీ నమస్కారం. సెలవుల యాత్రలో హైదరాబాద్‌లో విమానం మారే ముందు మనకు నాలుగు గంటల వ్యవధి ఉంది కనుక, ముఖ్యంగా మోకాళ్ల నొప్పులున్న పెద్దలు లాంజ్‌లో, అంటే విమానాశ్రయంలోనే ఉండే విశ్రాంతి గదిలో, కూర్చుని భోజనం చేస్తే బాగుంటుందని నా అభిప్రాయం.

అయితే బ్యాంకు క్రెడిట్ లేదా డెబిట్ కార్డు చేతిలో ఉన్నంత మాత్రాన అందులోకి ఉచిత ప్రవేశం దొరకదు. చాలా బ్యాంకులు ఇప్పుడు అంతకుముందు మూడు నెలల్లో కార్డుపై నిర్ణీత మొత్తం ఖర్చు చేసినవారినే ఉచితంగా అనుమతిస్తున్నాయి. ఆ సంగతి తెలియక కిందటేడు నేనూ మా ఆవిడా లాంజ్ గుమ్మం దాకా వెళ్లి వెనుదిరిగాం, ఆ బాధ మీలో ఎవరికీ కలగకూడదు. ఆదివారంలోగా మీ బ్యాంకు యాప్‌లో అర్హత చూసుకోండి. సాధారణంగా ఒక కార్డుపై ఒక్కరినే అనుమతిస్తారు, భార్యాభర్తలకు వేర్వేరు కార్డులు కావాలి. రూపే కార్డుపై ధ్రువీకరణ కోసం 2 రూపాయలు పట్టుకోవచ్చు, కంగారు పడకండి.

లాంజ్‌లో బోర్డింగ్ పిలుపు వినిపిస్తుందని నమ్ముకోవద్దు. చాలా విమానాశ్రయాల్లో ఇప్పుడు మైకులో ప్రకటనలు బాగా తగ్గించారు, గేటేమో విమానం బయలుదేరడానికి 25 నిమిషాల ముందే మూసేస్తారు. కాబట్టి గంట ముందుగానే అందరం లేచి గేటు వైపు నడుద్దాం. మధుమేహం ఉన్నవారు మాత్రలు చేతిసంచిలోనే ఉంచుకోవాలి, పవర్ బ్యాంకు కూడా అందులోనే.

శ్రీకాకుళం నుంచి విశాఖ విమానాశ్రయం సుమారు 100 కిలోమీటర్లు, పైగా ఆనందపురం దాటాక రద్దీ ఉంటుంది. అందుకని బస్సు తెల్లవారుజామున 4 గంటలకే ఏడు రోడ్ల కూడలి నుంచి బయలుదేరుతుంది.