డయాలసిస్ నీళ్లలో క్లోరిన్ ఎంతుందో బోర్డు మీద రాయించండి: వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

తిరుపతి నుంచి నమస్కారం. నేను మునిసిపాలిటీలో నీటి సరఫరా విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు వారానికి మూడుసార్లు నా భార్యను డయాలసిస్‌కు తీసుకెళ్తున్నాను. పైపుకు ఈ చివరా ఆ చివరా చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

తాగే నీళ్లు కుళాయి దగ్గరికి చేరేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. తగ్గితే మాకు మెమోలు వచ్చేవి. డయాలసిస్ నీళ్లలో మాత్రం మొత్తం క్లోరిన్ 0.1 దాటకూడదు. అంటే ఊరంతా తాగడానికి పనికొచ్చే నీళ్లే డయాలసిస్ రోగికి ప్రమాదం. మనం తాగే క్లోరిన్ కడుపులోనే విరిగిపోతుంది. డయాలసిస్ మిషన్ మీద మాత్రం నాలుగు గంటల్లో ఈ నీళ్లతో కలిపిన ద్రవం సుమారు 120 లీటర్లు రక్తానికి పలుచటి పొర అవతలే పారుతుంది. క్లోరిన్ అమ్మోనియాతో కలిస్తే పుట్టే క్లోరమిన్ ఆ పొర దాటి ఎర్ర రక్తకణాలను పాడుచేస్తుంది, అవి పగిలిపోతాయి. డాక్టర్లు దీన్ని హీమోలిసిస్ అంటారు. ఆర్‌వో ప్లాంటు ఉంది కదా అని అందరికీ ధీమా. కానీ క్లోరమిన్‌ను పట్టేది ఆర్‌వో కాదు, దాని ముందుండే కార్బన్ ట్యాంకులు. కార్బన్ పని అయిపోయిందో లేదో చూస్తే తెలియదు, నీళ్లు పరీక్షించాల్సిందే.

2021 నవంబరులో తిరుపతిని వరద ముంచెత్తింది. అలాంటప్పుడు బ్లీచింగ్ డోసు పెంచక తప్పదు, పెంచాలి కూడా. అయితే డోసు పెంచిన రోజు డయాలసిస్ సెంటర్లకు కబురు పెట్టమనే ఉత్తర్వు నా సర్వీసులో ఒక్కటీ నా చేతికి రాలేదు. ఎండాకాలం ట్యాంకర్ల సంగతి సరేసరి, ఏ ట్యాంకరులో ఏ నీళ్లొచ్చాయో, ఎంత బ్లీచింగ్ కలిపారో డ్రైవరుకే తెలియాలి.

మేం వెళ్లే సెంటర్లో ఒకసారి నీటి రిజిస్టరు అడిగి చూశాను. నెల పొడవునా ఒకటే రీడింగు, ఒకటే పెన్ను. నీళ్లతో బతికినవాణ్ణి, చెబుతున్నాను: నీళ్లు అంత బుద్ధిగా ఉండవు. అక్కడి టెక్నీషియన్ పిల్లల్ని నేను తప్పుపట్టను. ఒక్కరే అన్ని బెడ్లూ చూసుకుంటూ రీడింగులు కూడా తీయాలంటే ఎలా?

కణాలు ఒక్కసారిగా పగిలితే ట్యూబులో రక్తం ద్రాక్షరసం రంగుకు తిరుగుతుంది. ఛాతీలో బరువు, నడుం నొప్పి, ఆయాసం వస్తాయి. వెంటనే పంపు ఆపి క్లాంపు వేయాలి, ట్యూబులోని రక్తాన్ని తిరిగి ఎక్కించకూడదు. పగిలిన కణాల్లోంచి వచ్చే పొటాషియం గుండెను ఆపేయగలదు. ఇదంతా నీళ్ల వల్లే జరుగుతుందని కాదు. ట్యూబు మడతపడినా, సన్న సూది పెట్టి పంపు స్పీడు పెంచినా, ద్రవం మరీ వేడెక్కినా, ఉప్పు పాళ్లు తప్పినా కణాలు పగులుతాయి. 1998లో అమెరికాలోని నెబ్రాస్కా, మేరీల్యాండ్‌లలో ఒకేసారి చాలామంది రోగులకు హీమోలిసిస్ వస్తే, తయారీ లోపంతో రంధ్రం ఇరుకైన బ్లడ్ ట్యూబులే కారణమని తేలింది.

నాకు ఎక్కువ భయం మెల్లగా జరిగేదాని మీద. కిడ్నీ పేషెంట్లకు రక్తం ఎలాగూ తక్కువ. రోజుకు కొంచెంగా కణాలు పోతుంటే హిమోగ్లోబిన్ పడిపోతుంది. రక్తం పెరగడానికిచ్చే ఇంజెక్షన్ డోసు పెంచుతారు, రక్తం ఎక్కిస్తారు. శ్రీకాళహస్తి, పలమనేరు నుంచి మొదటి బస్సుకు వచ్చే మనిషి తన ఒంట్లోనే ఏదో లోపమనుకుని ఇంటికి పోతాడు. నీళ్ల మీదికి అనుమానం ఎవరికీ పోదు.

2016లో కేంద్రం ప్రకటించిన జాతీయ డయాలసిస్ పథకంలో స్థలం, కరెంటు, నీళ్లు ఆస్పత్రివి. మిషన్లు, ఆర్‌వో ప్లాంటు, సిబ్బంది ప్రైవేటు ఏజెన్సీవి. ఏజెన్సీకి డబ్బు సిట్టింగుల లెక్కన, అంటే చేసిన ఒక్కో డయాలసిస్‌కు ఇంతని ఇస్తారు. నీళ్లు చెడితే ఆస్పత్రి ఏజెన్సీని చూపిస్తుంది, ఏజెన్సీ మునిసిపాలిటీని చూపిస్తుంది. అందుకే సిట్టింగు బిల్లుకు ఆ షిఫ్టు క్లోరిన్ రీడింగు జతచేస్తేనే చెల్లింపు అని పెట్టండి. ప్రతి షిఫ్టుకు ముందు కార్బన్ ట్యాంకు తర్వాతి నీళ్లు పరీక్షించి, ఆ అంకెను రోగులకు కనిపించేలా బోర్డు మీద తెలుగులో రాయించండి. బ్లీచింగ్ పెంచిన రోజు సెంటర్లకు ఫోన్ చేయడం మునిసిపల్ ఇంజినీర్ల బాధ్యత కావాలి. వైద్య పరికరాల వల్ల జరిగే హానిని నమోదు చేయడానికి 2015 నుంచి దేశంలో మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం ఉంది. హీమోలిసిస్ అనుమానం వస్తే అక్కడికి రిపోర్టు వెళ్లాలని ప్రతి సెంటరుకూ చెప్పండి.

రాష్ట్రమంతటికీ జీవో రావడానికి టైం పడుతుందంటే, ముందు మా తిరుపతి, చిత్తూరు జిల్లాల కలెక్టర్లకు ఒక మెమో పంపండి. ఈశాన్య రుతుపవనాలు రాకముందే పంపితే మేలు.

ఇట్లు,
ఒక డయాలసిస్ రోగి భర్త,
తిరుపతి