మల్చింగ్ వేసి వదిలేస్తే కలుపు ఆగదు

సంపాదకులకు నమస్కారం.

తోటపని మీద వచ్చే వ్యాసాల్లో ఒక సలహా తరచుగా చూస్తుంటాను. మొక్కల చుట్టూ ఎండుటాకులో చెక్కపొట్టో పరిచేస్తే, అంటే మల్చింగ్ చేస్తే, ఇక కలుపు బెడద ఉండదని. అది నమ్మి పరిచినవాళ్లు కొన్నాళ్లకే మడి నిండా గడ్డి చూసి, మల్చింగ్ అంతా దండగ అని పీకి పారేస్తున్నారు. నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే సలహాలో సగమే వాళ్లకు చేరింది.

మల్చింగ్ ముఖ్యంగా చేసేది వెలుతురును ఆపడం. చిన్న విత్తనాల కలుపులో చాలా రకాలు మట్టి పైపొరలో ఉండి, వెలుతురు తగిలితేనే మొలుస్తాయి. పైన దట్టంగా కప్పి ఉంటే మొలవవు, మొలిచినా ఆ పొర దాటలేక చస్తాయి. తుంగ, గరిక సంగతి అలా కాదు. వాటికి భూమిలో గడ్డలు, పాకే కాండాలు ఉంటాయి, వాటిలో దాచుకున్న తిండితో చీకట్లోంచి కూడా పైకి నెట్టుకొస్తాయి, తుంగ మొలకైతే పలచటి ప్లాస్టిక్ షీటును కూడా సూదిలా పొడుచుకుని వస్తుంది. అందుకే పరచడానికి ముందే గడ్డలతో సహా తవ్వి తీయాలి. పైన ఆకులు తెంపితే గడ్డ అలాగే ఉండి మళ్లీ చిగురిస్తుంది. ఒక్కసారి తవ్వితే అన్నీ రావు, కొన్ని వారాలు ఆగి కొత్తగా వచ్చినవాటిని మళ్లీ తీసి, అప్పుడు పరిస్తే చాలా తేడా ఉంటుంది. ఓపిక పెట్టాల్సింది ఇక్కడే.

చెక్క ముక్కలైతే 3 నుంచి 4 అంగుళాల మందం కావాలి. ఒక అంగుళం పరిస్తే చూడ్డానికి బాగుంటుంది, అంతే. ఆకులు అణిగిపోతాయి, కుళ్లిపోతాయి, కాబట్టి పలచబడినప్పుడల్లా పైన కొత్తవి వేస్తుండాలి. అయితే కాండానికి ఆనించి కుప్ప పోయొద్దు, తడి నిలిచి మొదలు కుళ్లుతుంది.

కింద కలుపు రాకుండా ఆపే గుడ్డ పరిచి పైన చెక్కపొట్టు వేయమనే సలహాతో మాత్రం నేను ఏకీభవించను. మొదట్లో బాగానే పనిచేస్తుంది. తర్వాత పైన దుమ్ము, కుళ్లిన పొట్టు చేరి అదే మట్టిగా మారుతుంది, గాలికి వచ్చిన విత్తనాలు అందులో మొలిచి వేళ్లను గుడ్డలోకి దించుతాయి. అప్పుడు పీకితే గుడ్డ కూడా లేచి వస్తుంది. పైగా ఆకులు కుళ్లి మట్టిలో కలవకుండా అడ్డం పడుతుంది. దాని బదులు టేపు, పిన్నులు తీసేసిన మామూలు అట్టముక్కలు అంచులు బాగా ఒకదానిమీద ఒకటి వచ్చేలా పరిచి, తడిపి, పైన పొట్టు వేస్తే చాలు. కలుపు నీరసించాక అట్ట కుళ్లి మట్టిలో కలిసిపోతుంది.

కొన్నిసార్లు కలుపును మనమే తెచ్చి పోస్తాం. గింజ పట్టిన గడ్డి, సరిగా మాగని పశువుల ఎరువు పరిస్తే విత్తనాలు చల్లినట్టే. కంపోస్టు కుప్ప లోపల కొన్ని రోజులపాటు 55 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కితే, కుప్పను తిరగేసి అంచుల్లో ఉన్నది కూడా లోపలికి తెస్తే, చాలా విత్తనాలు చస్తాయి.

గరిక ఎక్కువగా పక్కనున్న పచ్చిక నుంచే పాకి వస్తుంది, అందుకని మడి చుట్టూ జానెడు లోతు గాడి తీసి, అందులోకి వచ్చిన తీగలను అప్పుడప్పుడు కోసేయాలి. ఎంత చేసినా కొన్ని మొక్కలు వస్తూనే ఉంటాయి. పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేరుతో సహా లాగేయండి. గంగవాయిలి పీకి మల్చింగ్ మీదే పడేస్తే ఆ కాడలే మళ్లీ వేళ్లూనుతాయి, బయట పారేయాలి. పొట్టును మట్టిలో కలిపి తవ్వకండి, కింద నిద్రపోతున్న విత్తనాలు పైకొస్తాయి, పొట్టు కుళ్లేటప్పుడు మట్టిలోని నత్రజనిని కూడా కొంతకాలం పట్టేసుకుంటుంది.

ఈసారి మల్చింగ్ మీద వ్యాసం వేసేటప్పుడు, దయచేసి తుంగగడ్డలు ఎలా తవ్వాలో కూడా బొమ్మతో సహా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు