నీటిమట్టం సరే, నది అడుగు మట్టం ఎవరు చెబుతారు?

సంపాదకుడు గారికి నమస్కారం.

వరద రోజుల్లో మీ పత్రిక జిల్లా పేజీ తెరవగానే మేము వెతుక్కునేది ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఈ అంకెలు మా లంకల్లో చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చు. మొదటిది వచ్చిందంటే పశువులను ఏటిగట్టు మీదికి తోలుకుపోతాం. రెండోది వచ్చిందంటే బియ్యం బస్తాలు అటక ఎక్కిస్తాం. అంత నమ్మకంగా వాడుకునే ఆ అంకెల పక్కన ఇంకొక అంకె కూడా అచ్చు కావాలని అడగడానికే ఈ ఉత్తరం. వంతెన స్తంభాల దగ్గర నది అడుగు ఎంత లోతుకు కోసుకుపోయిందో చెప్పే అంకె అది.

ముప్ఫై ఏళ్ళకు పైగా వంతెన పనుల్లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి విశ్రాంతి తీసుకున్నాను. గోదావరి పాయల్లో బావులు దింపిన మనిషిని. బావులంటే తాగునీటి బావులు కావు, వంతెన పునాదులు. డెల్టాలో ఎంత తవ్వినా ఇసుక, బంకమట్టే తప్ప రాయి తగలదు. అందుకని కింద ఉక్కు అంచు పెట్టి, దాని మీద గుండ్రంగా కాంక్రీటు గోడ లేపుతూ, లోపలి ఇసుకను గ్రాబుతో తోడేస్తుంటే ఆ బావి తన బరువుకు తానే కిందికి దిగుతుంది. ఎంత దిగిందో తెలియడానికి పచ్చి కాంక్రీటు మీద తాపీ మొనతో మీటరుకొక గీత గీసి, అంకె వేసి, పైన రంగు పూస్తాం. కింది అంచు సున్నా. ఒక్కొక్క అంకె ఇసుకలో మునుగుతుంటే మేస్త్రీ గట్టిగా చదివేవాడు, నేను పుస్తకంలో రాసుకునేవాణ్ణి. అలా మునిగిన అంకె మళ్ళీ మనిషి కంట పడకూడదు.

ఈ మే నెలలో ఒక పడవ సరంగును బతిమాలి, నేను పనిచేసిన వంతెనల్లో ఒకదాని కిందికి వెళ్ళాను. అక్కడ ఒక స్తంభం కింద 26 మీటర్ల బావి ఉంది. పని పూర్తయిన నాడు బావి నెత్తి మీది దిమ్మె ఇసుక మట్టానికి సమానంగా ఉండేది. దాని మీద కూర్చునే మధ్యాహ్నం అన్నాలు తిన్నాం. ఇప్పుడు ఆ దిమ్మె పడవలో నిలబడిన నా తల కంటే ఎత్తులో ఉంది. దాని కింద గోడంతా నాచు. అరచేత్తో తుడిస్తే 24 కనబడింది. రంగు పోయింది, గీత మిగిలింది. నీటి అంచున 23. సరంగు గెడ దింపితే ఇంకో నిలువు లోతుకు గానీ అడుగు తగలలేదు. ఆ వంతెన రెయిలింగుకు మాత్రం ఈ వేసవిలోనే కొత్త రంగు వేశారు. ఆ పసుపు, నలుపు చారలు చూస్తూ ఒడ్డుకు వచ్చేదాకా నా నోట మాట రాలేదు.

ఆ ఇసుక ఎక్కడికి పోయిందో లంకల్లో అందరికీ తెలుసు. వంతెనకు 500 మీటర్ల లోపు ఇసుక తవ్వకూడదని మన వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) నిబంధనల్లోనే ఉంది. అయినా వంతెన మీద నిలబడితే తవ్విన గోతులు కంటికి ఆనేంత దగ్గరలో ఉన్నాయి.

‘ఇంత లోతు పునాది ఉండగా పై ఇసుక నాలుగైదు మీటర్లు పోతే ఏమవుతుంది?’ అని నన్ను చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పునాది లోతు నిర్ణయించడానికి మన దేశంలో ఇంజనీర్లు లేసీ సూత్రం వాడతారు. నది వెడల్పులో ఒక్కో మీటరు గుండా సెకనుకు 20 ఘనపు మీటర్ల వరద పోతుందనుకుందాం. సన్నని ఇసుకలో స్తంభం పక్కన కోత, గరిష్ఠ వరద మట్టం నుంచి సుమారు 20.6 మీటర్ల కిందికి వెళుతుందని ఆ సూత్రం చెబుతుంది. దాని మీద మూడో వంతు అదనంగా ‘పట్టు’ ఇవ్వాలి, అంటే కోత కింద కూడా పునాది అంతమేర ఇసుకలో పాతుకుని ఉండాలి. అలా పునాది అడుగు వరద మట్టానికి సుమారు 27.5 మీటర్ల కింద ఆగుతుంది. ఇప్పుడు ఒక పక్క ఇసుక తోడేశారు. నీరు పల్లమెరుగు కదా, ప్రవాహమంతా ఆ పక్క ఖానాల (స్తంభాల మధ్య ఖాళీల) కిందికే మళ్ళుతుంది. 20 ఉన్నది 30 అయిందంటే కోత 27 మీటర్లకు దిగుతుంది. నదికి వచ్చిన మొత్తం వరద ఒక్క బొట్టు కూడా పెరగలేదు. అయినా ఏడు మీటర్ల పట్టులో మిగిలింది అర మీటరు. గుర్రపుడెక్క, కొట్టుకొచ్చిన మానులు స్తంభానికి అడ్డంపడితే నీటికి ఆ స్తంభం ఇంకా లావైనట్టే. అప్పుడు కోత మరింత పెరుగుతుంది.

ఇందులో మోసపోవడానికి వీలున్న చోటు ఇంకొకటి ఉంది. వరద నీరు స్తంభాన్ని ఢీకొని కిందికి దూకుతుంది. స్తంభం అడుగున గుర్రపు లాడం ఆకారంలో సుడి తిరుగుతూ ఇసుకను ఎత్తిపోస్తుంది. ఆ గొయ్యి అత్యంత లోతుగా ఉండేది వరద ఉధృతంగా ఉన్న గంటల్లోనే. నీరు తీయగానే అదే నది అదే గోతిలో ఇసుక మేట వేసి పూడ్చేస్తుంది. సంక్రాంతి తర్వాత తనిఖీకి వచ్చిన వారికి చదునైన ఇసుక కనబడుతుంది. ‘అంతా బాగానే ఉంది’ అని రాసుకుని వెళతారు. వారు అబద్ధం రాయలేదు, చూసిన రోజు అది కాదు. కొత్తగా పడిన ఆ మేటకు పాత ఇసుక బిగువు ఉండదు, వచ్చే వరదకు ముందుగా లేచిపోయేది అదే.

అందుకే కొలత వరదలోనే తీయాలి. మా కాలంలో తాడుకు సీసపు గుండు కట్టి వంతెన మీద నుంచే దింపేవాళ్ళం. ఇప్పుడు శబ్ద తరంగాలతో లోతు చెప్పే పరికరాలు ఉన్నాయి. ఇంకా తేలికైన ఏర్పాటు, స్తంభం పక్కన ఇసుకలోకి ఒక కడ్డీ దింపి, దానికి జారే కడియం తొడగడం. ఇసుక పోయిన కొద్దీ కడియం కిందికి జారుతుంది. తర్వాత ఎంత మేట వేసినా అది పైకి రాదు. వరద తీశాక కూడా, కోత ఎంత లోతుకు వెళ్ళిందో అది సాక్ష్యం చెబుతుంది.

నేను లేనిపోని భయం పెంచుతున్నానని అనుకునేవారు 2016 ఆగస్టు 2 రాత్రి మహారాష్ట్రలో, మహాడ్ దగ్గర సావిత్రి నది మీద కొట్టుకుపోయిన బ్రిటిష్ కాలపు వంతెనను గుర్తుచేసుకోవాలి. దానితో పాటు బస్సులు, వాటిలో ప్రయాణికులు పోయారు. 2024 జూన్, జులై నెలల్లో బీహారులో కొద్ది వారాల్లోనే పదికి పైగా వంతెనలు కూలాయి. కొన్నిచోట్ల నదిలో పూడిక తీసేటప్పుడు వంతెనల రక్షణ చూసుకోలేదని అక్కడి ప్రభుత్వమే చెప్పి ఇంజనీర్లను సస్పెండ్ చేసింది. పూడిక తీసినా ఇసుక తవ్వినా స్తంభానికి తేడా తెలియదు.

మన గోదావరి చిన్న నది కాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. 2022 జులైలో 25 లక్షలు దాటింది. అన్ని నీళ్ళూ గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మీది వంతెనల కింద నుంచే సముద్రానికి పోవాలి. 1852 నాటికే కాటన్ దొర ఈ నదికి అడ్డంగా ఇసుక మీదనే ఆనకట్ట నిలిపాడు. ఇసుకను నమ్మి కట్టవచ్చు. కట్టాక ఆ ఇసుకకు కాపలా కాయాలి.

అంకెలు బయటపెడితే జనం బెదిరిపోతారని ఒక అధికారి నాతో అన్నారు. మూడో ప్రమాద హెచ్చరిక వినీ గట్టు మీద వంట చేసుకుని పిల్లలకు పెట్టుకున్న జనం మేము. లోతు ఎంత దాటితే వంతెన మీద లారీలు ఆపాలో, ఎంత దాటితే బస్సులు కూడా ఆపాలో ముందే నిర్ణయించి చెబితే బెదరం, పాటిస్తాం. చెప్పకుండా ఉంటేనే పుకార్లు పుడతాయి.

నేను కోరేది ఇది. మొదటి హెచ్చరిక వెలువడిన రోజు నుంచి డెల్టాలోని ప్రతి పెద్ద వంతెన దగ్గరా, స్తంభం స్తంభానికీ లోతు కొలిచి, బ్యారేజీ నీటిమట్టంతో పాటే ప్రకటించాలి. దాని పక్కనే ఆ బావి అడుగు ఎంత లోతులో ఉందో కూడా వేయాలి. రెండు అంకెల మధ్య ఎంత మిగిలిందో చదువుకున్నవారెవరైనా లెక్కవేసుకుంటారు. 500 మీటర్ల హద్దుకు రెండు వైపులా స్తంభాలు పాతి, ఎర్రరంగు వేయాలి. రెయిలింగుకు వేసే రంగు అక్కడ వేస్తే ఎక్కువ ఉపయోగం.

నేను చూసిన బావి గోడ మీది 24, 23 అంకెల ఫొటోలు, ఆ స్తంభం వరుస సంఖ్య నా దగ్గర ఉన్నాయి. వంతెన బాధ్యత చూసే ఇంజనీర్లు మీ కార్యాలయం ద్వారా కబురు పెడితే పడవలో వెంట వెళ్ళి చూపిస్తాను. ఎర్రనీళ్ళు వచ్చాక ఆ అంకెలు కనిపించవు కాబట్టి ఈ నెలలోనే రమ్మని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత వర్క్ ఇన్‌స్పెక్టరు,
కోనసీమ