ఒంటి తీరుపై వ్యాఖ్యలకు హద్దు ఉండాలి

సంపాదకులకు,

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి 2024 సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల పరుగు టీ20 (మేధో వైకల్యం ఉన్నవారి) విభాగంలో కాంస్యం గెలిచినప్పుడు పత్రికలన్నీ ఆమెను కొనియాడాయి. అంతకు కొన్ని నెలల ముందు జపాన్‌లోని కోబెలో అదే దూరాన్ని 55.07 సెకన్లలో పరుగెత్తి ఆమె ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అయితే చిన్నతనంలో ఆ బిడ్డను చుట్టుపక్కలవాళ్లు 'పిచ్చిది', 'కోతి' అని పిలిచేవారనీ, అనాథాశ్రమంలో వదిలేయమని సలహా ఇచ్చినవారూ ఉన్నారనీ ఆమె తల్లిదండ్రులు విలేకరులతో చెప్పిన మాట ఆ పతకం మెరుపులో ఎవరికీ పట్టలేదు. పతకం రాని పిల్లల సంగతేమిటన్న ప్రశ్న ఆ రోజుల్లో ఎక్కడా చర్చకు రాలేదు కనుకనే ఈ లేఖ రాస్తున్నాను.

గ్రహణం వేళ గర్భిణి బయటకు వస్తే బిడ్డకు పెదవి చీలుతుందన్న నమ్మకం మన ఊళ్లలో ఇంకా పోలేదు. పుట్టిన కొద్ది నెలల్లోనే శస్త్రచికిత్సతో సరిచేయగల ఈ లోపానికి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఉచితంగా చికిత్స చేయిస్తున్నా, బారసాలకు వచ్చిన బంధువులు మాత్రం ఆ రోజు ఎందుకు గడప దాటావని తల్లినే నిలదీస్తారు. అలా బిడ్డకు పేరు పెట్టకముందే తల్లి మీద నింద పడుతుంది.

ఉపాధ్యాయుడిగా పనిచేసిన కాలంలో మండలాల్లోని భవిత కేంద్రాలకు వచ్చే ప్రత్యేక అవసరాల పిల్లలను దగ్గరగా చూశాను. ఆవరణలోని తక్కిన పిల్లలు వారికి తగిలించే పేర్లు ఇక్కడ రాయదగినవి కావు. ఆ పేర్లను పిల్లలు సొంతంగా కనిపెట్టరు. ఇంట్లో, అరుగు మీద, టీవీలో వింటారు. లావుగా ఉన్న పిల్లల పరిస్థితీ ఇంచుమించు ఇదే. ఆటల పీరియడ్‌లో పరుగెత్తితే నవ్వుతారని తలనొప్పి సాకుతో తరగతి గదిలోనే కూర్చుండిపోయే అమ్మాయిలు ప్రతి బడిలోనూ ఉంటారు. బరువు తగ్గడానికే అంటున్నామని సమర్థించుకునేవారు, ఆ మాటే ఆ పిల్లను మైదానానికి దూరం చేస్తున్నదని గ్రహించరు.

పెద్దల విషయంలో ఈ ఎగతాళి పరామర్శ రూపంలో వస్తుంది. 'ఏంటమ్మా, ఇంత ఒళ్లు చేశావు?' అనో, 'మరీ చిక్కిపోయావు, సుగరా?' అనో పెళ్లి పందిట్లో పదిమంది వింటుండగా అడిగే మనిషికి, ఎదుటివారు థైరాయిడ్‌తో బాధపడుతున్నారో, దీర్ఘకాలంగా స్టెరాయిడ్ మందులు వాడుతున్నారో తెలియదు. తెలిసినా అది నలుగురిలో అడగదగిన సంగతి కాదు. బాధపడ్డట్టు కనిపిస్తే 'సరదాకి అన్నాను' అంటారు. నొచ్చుకున్నవారికి సరదా తెలియదన్న ముద్ర కూడా అదనంగా పడుతుంది. నన్నడిగితే, ఆ ముద్రకు జడిసే చాలామంది నోరెత్తరు.

చట్టం ఈ విషయంలో మన ఇళ్లకన్నా ముందుంది. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించగా, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మరుగుజ్జుతనం, యాసిడ్ దాడి వల్ల కలిగిన వైకల్యం, తలసేమియా వంటివాటిని కూడా చేర్చి ఆ సంఖ్యను 21కి పెంచింది. కించపరచాలన్న ఉద్దేశంతో నలుగురి ఎదుటా దివ్యాంగులను అవమానిస్తే ఆరు నెలలకు తగ్గకుండా, ఐదేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చని ఆ చట్టం 92వ సెక్షన్ చెబుతున్నది. వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం చేతిలో ఉన్నవారిలోనే ఈ సెక్షన్ గురించి విన్నవారు అరుదు. బరువు మీద, ఒంటి రంగు మీద చేసే ఎగతాళికి ఈ పాటి రక్షణ కూడా లేదు.

బహిరంగ వేదికల మీద మాట్లాడేవారికి మాత్రం తెలియదనే సాకు చెల్లదు. వైకల్యాన్ని సూచించే మాటలను ప్రత్యర్థులను తిట్టడానికి వాడవద్దని ఎన్నికల సంఘం 2023 డిసెంబరులోనే రాజకీయ పార్టీలకు సూచించింది. ఒక హిందీ చిత్రంపై వచ్చిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2024 జూలైలో, వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం వేరు, వికలాంగులను చిన్నబుచ్చే హాస్యం వేరు అని స్పష్టం చేస్తూ దృశ్య మాధ్యమాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా ప్రభుత్వం పనిచేయలేదని చెప్పాలంటే మన నాయకులకు గుడ్డితనం, చెవుడు తప్ప వేరే ఉపమానం దొరకదు. టీవీ హాస్య కార్యక్రమాల్లో లావుపాటి నటుడో, పొట్టి నటుడో వేదికెక్కితే చాలు, అతడు నోరు విప్పకముందే నవ్వు మొదలవుతుంది.

పత్రికలకూ ఇందులో వాటా ఉంది. అధికారులు స్పందించలేదని చెప్పడానికి చెవిటితనాన్ని శీర్షికకు ఎక్కించడం, కార్టూన్లలో నాయకుడి పొట్టనో, బట్టతలనో, నడకనో అతడి తప్పులకు గుర్తుగా గీయడం ఇకనైనా మానాలని కోరుతున్నాను. నాయకులను విమర్శించడానికి వారి నిర్ణయాలే కావలసినన్ని ఉన్నాయి. దివ్యాంగుల గురించి రాసేటప్పుడు కూడా పతకాలు, ర్యాంకులు వచ్చిన రోజునే కాక, బస్సులో తమకు కేటాయించిన సీటు అడిగినందుకు 'బాగానే ఉన్నావుగా' అనిపించుకున్న మామూలు రోజు గురించీ రాయండి. విద్యాశాఖ అధికారులు జూన్‌లో బడులు తెరవగానే ప్రతి పాఠశాలలోనూ ఈ 92వ సెక్షన్‌ను తెలుగులో నోటీసు బోర్డు మీద పెట్టించి, తల్లిదండ్రుల తొలి సమావేశంలో చదివి వినిపించే ఏర్పాటు చేయాలని మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హన్మకొండ