నర్సుకు మెమో ఇస్తే మంచానికి కమ్మీలు వస్తాయా?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఫిట్స్ రోగి అర్ధరాత్రి మంచం మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలిన సంగతి, డ్యూటీ నర్సుకు మెమో ఇచ్చిన సంగతి పోయిన వారం మీ జిల్లా పేజీలో చదివాను. ఆ మంచానికి పక్క కమ్మీలు ఉన్నాయా, లేవా? మీ విలేఖరి అడగలేదు, సూపరింటెండెంటు గారు చెప్పలేదు. ప్రభుత్వాసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన దాన్ని. చదివి ఊరుకోలేక రాస్తున్నాను.

ఫిట్స్ రోగిని వార్డులో చేర్చుకున్నప్పుడే చేయాల్సిన పనులుంటాయి. మంచం వీలైనంత కిందికి దించాలి. కమ్మీలు ఎత్తి దుప్పట్లు చుట్టాలి. తలాపున ఆక్సిజన్, నోట్లో నురగను లాగేసే సక్షన్ మిషను పనిచేసేది ఉండాలి. ఫిట్స్ మొదలయ్యాక కాళ్లూ చేతులూ అదిమి పట్టకూడదు, నోట్లో ఏదీ పెట్టకూడదు. పక్కకు తిప్పి, నురగ గొంతుకు అడ్డం పడకుండా చూస్తూ గడియారం చూసుకోవాలి. ఐదు నిమిషాలు దాటితే ప్రాణం మీదికి వచ్చినట్టే, ఫిట్స్‌ను ఆపే లొరాజెపామ్ లాంటి ఇంజెక్షన్ వెంటనే పడాలి. కళ్లు ఎటు తిరిగాయి, ఏ చెయ్యి ముందు కొట్టుకుంది, తెలివి ఎప్పుడొచ్చింది, అన్నీ కేస్ షీట్‌లో రాయాలి. పొద్దున వచ్చే డాక్టరుకు అవే ఆధారం. ఇన్ని చూడాలంటే మనిషి రోగి దగ్గర ఉండాలి కదా!

మామూలు ఆసుపత్రిలో ఐదుగురు రోగులకు ఒక నర్సు, బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒకరు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఎప్పుడో చెప్పింది. రాత్రిపూట ఏ మెడికల్ వార్డుకైనా వెళ్లి లెక్కపెట్టండి. చాపల మీద పడుకున్నవాళ్లనూ కలపండి. నర్సు ఆ చివర సెలైన్ మారుస్తుంటే ఈ చివర రోగికి ఫిట్స్ వస్తుంది. చుట్టాలు చేతిలో తాళాల గుత్తి పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు, పళ్ల మధ్య స్పూను దూరుస్తారు. పన్ను విరిగి గొంతులోకి పోతే ఎవరిది బాధ్యత? వాళ్లను నేను తప్పుపట్టను. వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి నర్సుకు తీరికుండదు.

సక్షన్ మిషను చెడిందని ఇండెంట్ల (కావలసినవి అడుగుతూ పైకి రాసే కాగితాల) మీద ఇండెంట్లు పెట్టేవాళ్లం, జవాబు ఉండేది కాదు. మంత్రి గారు వస్తున్నారంటే మాత్రం గోడలకు రాత్రికి రాత్రే సున్నం పడేది. కాంట్రాక్టు మీద చేసే నర్సు పిల్లలకు జీతం నెలనెలా అందదు, మెమో మాత్రం మర్నాటికల్లా చేతిలో పడుతుంది.

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛతో పడిపోయినప్పుడు రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, నీళ్ల గురించి, పురుగుమందుల గురించి టీవీల్లో రోజుల తరబడి మాట్లాడారు. ఫిట్స్ రోగుల కోసం వార్డుల్లో నర్సులను పెంచాలన్న మాట మాత్రం నా చెవిన పడలేదు.

మెమో రద్దు చేయమని నేను అడగడం లేదు. విచారణ జరగనివ్వండి. అందులో ఆ మంచం ఫొటో, ఆ రాత్రి వార్డులో ఉన్న రోగుల సంఖ్య, అంతకుముందు పెట్టిన ఇండెంట్ల కాపీలు కూడా చేర్చాలి. మీ విలేఖరి వాటిని అడిగి తెచ్చి, మెమో వార్త వేసిన పేజీలోనే అంత పెద్దగానూ వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు