పుస్తకం ఉచితమా కాదా: రచయిత పోయిన ఏడు చూసి చెప్పవచ్చు

సంపాదకుల వారికి,

అయ్యా,

‘వేల తెలుగు పుస్తకాలు, అన్నీ ఉచితం’ అంటూ ఓ లింకు వాట్సాప్‌లో తిరగని వారం లేదు. తెరిస్తే నాలుగు వందల ఏళ్ల కిందటి ప్రబంధం పక్కనే పోయిన సంక్రాంతికి అచ్చయిన నవల కూర్చుని ఉంటుంది. మొదటిది మనందరి సొత్తు. రెండోది దొంగసరుకు. రెండింటినీ ఒకే సంచిలో పోసి పంచితే బతికున్న రచయితకు రావలసిన నాలుగు రూపాయలు పోతాయి. ‘నెట్‌లో ఉన్నదంతా దొంగదే’ అని నమ్మే పెద్దమనిషి, తాను హక్కుగా చదువుకోదగ్గవాటిని కూడా ముట్టుకోడు. తేడా పట్టుకోవడానికి లాయరు అక్కర్లేదు, ఒక కూడిక వస్తే చాలు.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచన మీద హక్కు రచయిత బతికున్నన్నాళ్లూ, ఆ తర్వాత 60 ఏళ్లూ ఉంటుంది. ఆ అరవై లెక్క తద్దినం తేదీ నుంచి కాదు, మరుసటి ఏడాది జనవరి 1 నుంచి మొదలవుతుంది. అందుకని రచయిత పోయిన ఏడుకు 61 కలపండి. వచ్చిన ఏటి జనవరి 1న ఆ పుస్తకం జనం చేతికి వస్తుంది. మన కట్టమంచి రామలింగారెడ్డి 1951లో పోయారు. 2012 నుంచి ఆయన బతికుండగా వేసిన రచనలను ఎవరైనా చదవచ్చు, పంచవచ్చు, అచ్చు కూడా వేసుకోవచ్చు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో పోయారు, 2022లో విడుదల. త్రిపురనేని గోపీచంద్ 1962, కాబట్టి 2023. విశ్వనాథ సత్యనారాయణకు 2037 దాకా, చలానికి 2040 దాకా, శ్రీశ్రీకి 2044 దాకా ఆగాలి. మన జిల్లా కథకుడు మధురాంతకం రాజారాం 1999లో పోయారు కనుక ఆయన పుస్తకాలకు 2060. అంతవరకు వీరి పుస్తకం ఎక్కడ ఊరికే కనబడినా, వారసులో ప్రచురణకర్తో ఒప్పుకుని పెట్టారా అన్నది చూసుకోవాల్సిందే. (ఈ 60 ఒకప్పుడు 50 ఉండేది. 1941లో పోయిన టాగూరు రచనల గడువు 1991తో ముగుస్తున్న వేళ, 1992లో చట్టం సవరించి పదేళ్లు పెంచారు.)

చాలామంది కాలు జారేది దీని తర్వాతి మెట్టు మీద. మూలం మీద హక్కు వేరు, అనువాదం మీద వేరు, టీకా తాత్పర్యాల మీద వేరు, బొమ్మల మీద వేరు. అన్నమయ్య కీర్తన ఎవరి సొంతమూ కాదు. దానికి నిన్నమొన్న ఒక పండితుడు రాసిన వ్యాఖ్యానం మాత్రం ఆయనది. టాగూరు మూలం మనదే అయినా, దాన్ని తెలుగు చేసినవారు బతికుంటే ఆ తెలుగు పుస్తకం మీద హక్కు వారిది. పాత చందమామ సంచికలను ‘ఎప్పటివో కదా’ అని పంచుకుంటారు. వాటిలో ఎన్నో బొమ్మలు గీసిన వడ్డాది పాపయ్య 1992లో పోయారు, 61 కలిపితే 2053. పుస్తకం అట్ట చిరిగిపోయినంత మాత్రాన హక్కు చిరిగిపోదు. తెలిసి తెలిసి ఉల్లంఘిస్తే చట్టంలో 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా రాసి ఉంది.

ఇక ఎక్కడ వెతకాలి? తెలుగు పుస్తకానికైతే మొదట తెలుగు వికీసోర్స్, అంటే ఔత్సాహికులు కలిసి నడిపే ఉచిత గ్రంథాలయం సైటు. పేరు తెలుగు లిపిలోనే కొట్టి వెతకవచ్చు. హక్కులు తీరినవో, రచయితలు స్వేచ్ఛగా విడుదల చేసినవో తప్ప అక్కడ ఉంచనివ్వరు కాబట్టి మన లెక్క సగం వాళ్లే చేసిపెడతారు. అచ్చు పుస్తకం బొమ్మ ఒకపక్క, దాన్ని చూసి సరిచేసిన, మాట వెతకడానికి వీలైన యూనికోడ్ పాఠం ఇంకోపక్క ఉంటాయి. డౌన్‌లోడ్ బటన్ నొక్కితే ఈపబ్‌గానో (తెరకు తగ్గట్టు అక్షరాలు సర్దుకునే ఫైలు) పీడీఎఫ్‌గానో వస్తుంది. దించుకునే ముందు ఆ పుస్తకం సూచిక పేజీలో అంకెల రంగులు చూడండి. ఎరుపంటే యంత్రం చదివిన పాఠాన్ని ఎవరూ దిద్దలేదని, పసుపంటే ఒకరు దిద్దారని, ఆకుపచ్చ అంటే ఇంకొకరు కూడా సరిచూశారని అర్థం. దిద్దినవారే తమ పేజీని ఆకుపచ్చ చేసుకోవడానికి వీల్లేదు. ఎరుపు ఎక్కువగా ఉన్న పుస్తకంలో అరసున్నలు, బండి ఱలు ఎక్కడికక్కడ ఎగిరిపోయి ఉంటాయి. పద్యం చదవబోతే గణాలు తప్పుతాయి. అలాంటప్పుడు పాఠం వదిలేసి స్కాన్ చేసిన ప్రతే చదవడం మేలు.

స్కాన్ ప్రతుల పెద్ద గోదాము ఇంటర్నెట్ ఆర్కైవ్. అందులోని పాత తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కాన్ చేసినవే. పది లక్షల పుస్తకాలు స్కాన్ చేయాలని పెట్టుకున్న అంతర్జాతీయ ప్రాజెక్టుకు అది మన దేశపు కొమ్మ. ఆ ప్రాజెక్టును నడిపించిన రాజ్ రెడ్డి పాత చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టినవారు, కంప్యూటర్ శాస్త్రంలో పెద్ద బహుమతి అయిన ట్యూరింగ్ అవార్డును 1994లో అందుకున్నవారు. కనీసం ఆ అభిమానంతోనైనా మనం ఆ పుస్తకాలు తెరవాలి. తెరవడానికి అడ్డొచ్చేది పేర్లు. ఇంగ్లిష్ అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు కొట్టారు. ‘శ్రీ’ని ఎస్ఆర్ఐ అని ఒకచోట, మధ్యలో హెచ్ పెట్టి ఒకచోట, చివర ఇంకో ఐ తగిలించి మరోచోట రాశారు. ‘ఆంధ్ర’కు ఒక ఏ ఉండవచ్చు, రెండు ఉండవచ్చు. ‘చరిత్రము’ చివర ‘ము’ ఉండవచ్చు, సున్నాతో ఆగిపోవచ్చు. కాబట్టి పూర్తి పేరు కొట్టకండి. పేరులో తేడా రావడానికి వీల్లేని ఒక చిన్న ముక్క కొట్టి, పక్కనున్న వడపోతలో భాష తెలుగు అని ఎంచుకోండి. అలా దొరక్కపోతే రచయిత ఇంటిపేరుతో వెతకండి. జాబితాలో రచయిత పేరు తప్పుగా పడినవీ తక్కువేం కాదు. ముఖపత్రం చూడనిదే నమ్మవద్దు.

పుస్తకం దొరికాక కిందికి జరిగితే డౌన్‌లోడ్ వరుస కనబడుతుంది. పీడీఎఫ్ తీసుకోండి. జేపీ2 జిప్ అన్నది పేజీల అసలు బొమ్మల మూట, వందల ఎంబీ ఉంటుంది. తెలియక నొక్కితే ఆ రోజు డేటా అయిపోయినట్టే. మొత్తం ఫైళ్ల జాబితా తెరిస్తే ఒక్కోదాని సైజు ముందే కనబడుతుంది. ఈపబ్, టెక్స్ట్ ఫైళ్లు కూడా ఉంటాయి గానీ పాతవాటిలో యంత్రం తెలుగును తెలుగుగా చదవలేదు. తెరిస్తే పిచ్చిగీతలు. పీడీఎఫ్‌లో కూడా మొదట చివరి పేజీకి వెళ్లి, ఆ తర్వాత నడుమ రెండు మూడుచోట్ల పేజీ అంకెలు వరుసగా ఉన్నాయా చూసుకోండి. హడావిడిగా స్కాన్ చేసినవాటిలో పేజీలు ఎగిరిపోయాయి, కొన్ని రెండేసిసార్లు వచ్చాయి. అలా ఉంటే అదే పుస్తకానికి వేరే గ్రంథాలయం ప్రతి ఉందేమో వెతకాలి. చాలావాటికి ఉంటుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆర్కైవ్‌లో ఉన్నంత మాత్రాన పుస్తకం స్వేచ్ఛగా ఉన్నట్టు కాదు. హక్కులు తీరని పుస్తకాలు కూడా ఆ స్కాన్లలో కలిసిపోయాయి. 61 కూడిక అక్కడ కూడా చేసుకోవాల్సిందే. ఇక ‘బారో’ అని కనబడితే అది అరువు. ఖాతా తెరిచి కొద్దిసేపు చదివి తిరిగి ఇచ్చేయాలి.

మన ప్రాంత చరిత్ర వెతికేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకు ముందు తిరుపతి, చంద్రగిరి, చిత్తూరు ఉత్తర ఆర్కాటులో ఉండేవి, మదనపల్లె కడపలో ఉండేది. అందువల్ల 1881లో వెలువడిన జిల్లా మాన్యువల్ కావాలంటే ‘నార్త్ ఆర్కాట్’ అని వెతకాలి. చిత్తూరు అని ఎంతసేపు కొట్టినా రాదు. తిరుపతి జిల్లా అయితే 2022లో వచ్చింది, ఆ పేరుతో పాత పుస్తకమే ఉండదు. తిరుపతి స్పెల్లింగ్ కూడా పాత ఇంగ్లిష్ పుస్తకాల్లో త్రిపతి, తిరుపతి అని రకరకాలు.

మన కళ్ల ముందున్నది మరిచిపోతాం. తిరుమల తిరుపతి దేవస్థానం ఈ-పుస్తకాల సైటులో దేవస్థానం ప్రచురణలు తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, సంస్కృతం, ఇంగ్లిష్‌లలో పీడీఎఫ్‌లుగా ఊరికే దొరుకుతాయి. సప్తగిరి సంచికలు కూడా. ఇక్కడ ప్రచురించినవారే పెట్టారు కనుక చదవడానికి, దించుకోవడానికి లెక్కలు అక్కర్లేదు. అయితే చదువుకోవచ్చన్నది వేరు, జిరాక్స్ తీసి స్పైరల్ బైండింగ్ చేసి అమ్ముకోవచ్చన్నది వేరు. రెండో అనుమతి ఎవరూ ఇవ్వలేదు.

పిల్లలకు స్టోరీవీవర్ మంచిది. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టింది. తెలుగు కథలు నాలుగు స్థాయిల్లో ఉన్నాయి. క్రియేటివ్ కామన్స్ అనుమతి, అంటే పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చనే ముందస్తు ఒప్పుదల, ఉంది కాబట్టి రచయిత, చిత్రకారుల పేర్లు తీసేయకుండా ఉంటే బడిలో ప్రింటు తీసి పంచవచ్చు. పాఠ్యపుస్తకాలకు ఎన్‌సీఈఆర్‌టీ సైటు, దీక్షా యాప్. డిగ్రీ పిల్లలకు ఇగ్నో వారి ఈ-జ్ఞానకోశ్. పరిశోధకులకు సిద్ధాంత గ్రంథాల శోధ్‌గంగ. చూపు లేనివారికి సుగమ్య పుస్తకాలయ ప్రత్యేకంగా ఉంది. నేషనల్ డిజిటల్ లైబ్రరీ గురించి మాత్రం ఒక హెచ్చరిక: నమోదు ఉచితమే గానీ దొరికిన ప్రతిదీ తెరుచుకోదు. అది ఎక్కడెక్కడ ఏముందో చెప్పే జాబితా. పుస్తకం ఉన్నచోట తాళం ఉంటే ఇక్కడ కూడా తాళమే.

ఇంగ్లిష్ పుస్తకాలకు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ 1971 నుంచి ఉంది. అది అమెరికా చట్టం ప్రకారం నడుస్తుంది. అక్కడ పాత పుస్తకాలకు లెక్క రచయిత మరణం నుంచి కాదు, ప్రచురణ నుంచి 95 ఏళ్లు. అందుకే రెండువైపులా తేడా వస్తుంది. అగాథా క్రిస్టీ 1920లలో రాసిన నవలలు అక్కడ స్వేచ్ఛగా ఉన్నా, ఆమె 1976లో పోయారు కనుక మన దగ్గర 2036 చివరి దాకా హక్కు ఉంది. 1950లో పోయిన జార్జ్ ఆర్వెల్ మనకు 2011లోనే ఉచితమయ్యారు. ఆయన చివరి నవలలు మాత్రం అమెరికా సైటులో దొరకవు, గుటెన్‌బర్గ్ ఆస్ట్రేలియాలో దొరుకుతాయి.

ఫోన్‌లో చదివేవారికి: స్కాన్ పీడీఎఫ్ ఆరంగుళాల తెర మీద కళ్లు లాగేస్తుంది. ఫోన్ అడ్డంగా తిప్పి, రీడర్ యాప్‌లో అంచులు కత్తిరించే సదుపాయం వాడండి. ఈపబ్‌లో ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే తప్పు పుస్తకానిది కాదు. యాప్ ఎంచుకున్న ఫాంటులో తెలుగు లేదు, నోటో సెరిఫ్ తెలుగు అనే ఫాంటు పెట్టుకుంటే కుదురుకుంటుంది. కొన్ని పీడీఎఫ్‌లు చూడ్డానికి బాగుంటాయి గానీ వాటిలో మాట వెతికితే దొరకదు, కాపీ చేస్తే ఇంగ్లిష్ చెత్త వస్తుంది. అవి అను వంటి పాత ఫాంట్లలో కూర్చినవి. తెలుగు ఆకారాలను ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో ఇరికించారు. చదవడానికే తప్ప వెతకడానికి పనికిరావు. పుస్తకం పేరుతో ఏపీకే ఫైలు వస్తే ముట్టుకోకండి. పుస్తకం ఎప్పుడూ ఏపీకేగా రాదు, అది మీ ఫోన్‌లో దూరడానికి వచ్చిన యాప్.

మా కోరికలు రెండు. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. తిరుపతి, చిత్తూరు గ్రంథాలయాల్లో ఈసారి వ్యాసరచన పోటీతో సరిపెట్టకుండా, ఆ ఏడు జనవరిలో హక్కులు తీరిన తెలుగు రచయితల పేర్లు ఒక బోర్డు మీద రాసిపెట్టాలి. పోయిన ఏడు తెలిస్తే చాలు, అరగంట పని. కాలేజీ పిల్లలకు వికీసోర్స్‌లో పేజీలు దిద్దడం నేర్పితే ఇంకా మేలు. మన ప్రాంతపు పుస్తకాలు ఎరుపులోంచి పసుపుకు, పసుపులోంచి ఆకుపచ్చకు వస్తాయి. రెండోది మీకే. మీ పత్రికలో పాత పుస్తకం గురించి వ్యాసం వేసినప్పుడు చివర ఒక వాక్యం చేర్చండి: రచయిత ఏ ఏట పోయారు, సక్రమమైన ఉచిత ప్రతి ఎక్కడుంది, లేకపోతే ఏ ప్రచురణకర్త దగ్గర కొనాలి.

ఇట్లు,
కొందరు గ్రంథాలయ పాఠకులు,
తిరుపతి